దూరం చెప్పే దుర్భిణి

"థూ!" అన్నాడు వెండలిన్.

దుకాణం నేల అద్దంలా మెరుస్తోంది కాబట్టి ఉమ్మలేదు. శబ్దంతో సరిపెట్టుకున్నాడు.

అతనికి అంత రోత పుట్టించింది బల్ల మీదున్న దుర్భిణి. మామూలుది కాదు. ఎదుట జంతువుని చూస్తూ మీట నొక్కితే చాలు, లేజరు కాంతితో కొలిచి అది ఎంత దూరంలో ఉందో లోపల ఎర్రటి అంకెల్లో చూపిస్తుంది. మీట నొక్కితే మీటర్లు!

"గాలి ఒత్తిడి, చలి, కొండ వాలు కూడా చెబుతుందండీ" అంది దుకాణం నడిపే వాల్ట్రాడ్.

"వేటయ్యాక తోలు కూడా ఒలుస్తుందా అమ్మా? ఒలవదూ? అయితే అది దుర్భిణి కాదు, దుర్వినియోగం."

వెండలిన్ ఆస్ట్రియాలోని టిరోల్ కొండల్లో వేటగాళ్లకి దారి చూపించే మనిషి. పక్కన నిలబడి బేరం చేస్తున్నది అతని అతిథి, డైరెక్టరు ఓట్మార్. ఆయనకి లింట్స్ పట్నంలో పరుపుల ఫ్యాక్టరీ ఉంది. పరుపులమ్మి పరువు సంపాదించాడు. సంపాదించిన పరువంతా ఏటా అక్టోబరులో ఈ కొండల మీద పోగొట్టుకుంటున్నాడు.

పోగొడుతున్నది పాదిరి.

పాదిరి అంటే చర్చిలో పాదిరి కాదు. ముసలి కొండమేకపోతు. నల్ల ఒళ్లు, తెల్ల మొహం, తొందర లేని నడక చూసి ఊళ్లోవాళ్లు పెట్టుకున్న పేరది. దాని కొమ్ములు తగిలించడానికి ఓట్మార్ తన హాల్లో గోడకి మేకు కొట్టి ఏడేళ్లయింది. మేకు ఉంది. మేక లేదు.

ఈ ఏడు దొరక్కపోతే ఇంక దొరకదు. మోకాళ్లు రెండూ మార్చాలన్నాడు డాక్టరు. ఆ తర్వాత ఆయన ఎక్కగలిగేది మంచం ఒక్కటే.

"చూడు వెండలిన్" అన్నాడు ఓట్మార్, దుర్భిణిని చంటిబిడ్డలా ఎత్తుకుని. "దూరం నువ్వు చెబుతావు. తుపాకీ మీది చక్రాన్ని నేను ఆ అంకెకి తిప్పుతాను. కాలుస్తాను. గుండు పాదిరి వీపు మీంచి పోతుంది. ఏడేళ్లుగా వీపు మీంచే పోతోంది!"

"దూరం ఎక్కువ చెబితే అలాగే పోతుందండీ" అంది వాల్ట్రాడ్ నెమ్మదిగా.

వెండలిన్ ముక్కుపొడుం డబ్బా మూత టప్పున మూశాడు.

"పొట్ట ఎక్కువైనా అలాగే పోతుందమ్మా. ఈయన బోర్లా పడుకుంటే ఒళ్లంతా పొట్ట మీద తూగుటుయ్యాల ఊగుతుంది. ఊపిరి పీల్చారా, గుండు ఇటలీకి. వదిలారా, వియన్నాకి."

డైరెక్టరు మొహం జేవురించింది. "నీ కళ్లకి వయసొచ్చిందని ఒప్పుకోవచ్చుగా!"

"వయసు రాలేదు. అసహ్యం వచ్చింది." వెండలిన్ గొంతు తగ్గింది. "పోయినేడు ఒకాయన ఇలాంటిదే మెడలో వేసుకొచ్చాడు. నేను వద్దంటున్నా వినకుండా లోయ ఇవతల నుంచి అవతలికి కాల్చాడు. దూరం సరిగ్గానే చెప్పింది. మధ్యలో గాలి తిరుగుతుందని చెప్పలేదు. ఆడమేక కింది దవడ ఎగిరిపోయింది. నేనూ నా కుక్కా రెండ్రోజులు వెతికాం. దొరికేసరికి బతికే ఉంది. నోరు లేదు, నోరున్న చోట ఈగలున్నాయి. నోరులేని జీవం అంటాం చూడండి, నేను కళ్లారా చూశాను. ఆయనగారు అప్పటికి కింద హోటల్లో వేడినీళ్ల తొట్టిలో నానుతున్నారు."

వాల్ట్రాడ్ శుభ్రంగా ఉన్న గాజునే మళ్లీ తుడిచింది.

వెండలిన్ పక్క అరలోంచి పాతకాలపు దుర్భిణి ఒకటి తీసి డైరెక్టరు ముందుకు తోశాడు.

"ఇది తీసుకోండి. ఉన్నది చూపిస్తుంది, నోరు మూసుకుంటుంది."

"నాకు నోరున్నదే కావాలి" అన్నాడు ఓట్మార్. అన్నిట్లోకీ ఖరీదైనది కట్టించుకున్నాడు.

"లేజరట, లేజరు! లేజీగాళ్ల కోసం పుట్టింది" అని గొణిగి, వెండలిన్ బయటికెళ్లి, ఇందాక బాకీపడ్డ ఉమ్ము ఉమ్మాడు.

మర్నాడు తెల్లవారుతుండగా కొండెక్కారు. డైరెక్టరు మోకాళ్లు అడుగడుక్కీ మూలిగాయి. ఆయన మాత్రం మూలగలేదు. రెండుసార్లు జారిపడ్డాడు, రెండుసార్లూ దుర్భిణిని గుండెకి అదుముకునే పడ్డాడు.

"ఇంతకీ దెబ్బ తగిలింది దానికా, మీకా?" అన్నాడు వెండలిన్.

"నోర్ముయ్, చెయ్యి ఇవ్వు."

గట్టు మీదికి చేరేసరికి ఎదుటి రాళ్ల మీద ఎండ పడింది. ఆ ఎండలో పాదిరి నిలబడి ఉంది. పక్కకి తిరిగి, తీరిగ్గా, ప్రసంగం మొదలుపెట్టబోతున్నట్టు.

ఓట్మార్ బోర్లా పడుకున్నాడు. సంచీ మీద తుపాకీ ఆనించాడు. ఊపిరి బిగబట్టాడు. ఈసారి పొట్ట కూడా ఊగలేదు.

"వెండలిన్" అన్నాడు గుసగుసగా. ఆ గొంతులో డైరెక్టరు లేడు. "నేను మళ్లీ రాలేను. తెలుసుగా?"

"తెలుసు."

"తుపాకీ మీంచి చెయ్యి తీస్తే అది బెదురుతుంది. యంత్రం నువ్వు చూడు. నీ కన్ను చెప్పింది నాకొద్దు. అది ఏం చెబితే అదే చెప్పు."

కుళ్లిన చేపని తోక పట్టుకుని ఎత్తినట్టు, వెండలిన్ దాన్ని రెండు వేళ్లతో అందుకున్నాడు. కళ్లకి పెట్టుకున్నాడు. మీట నొక్కాడు.

లోపల ఎర్రగా 'మూడు వందల నలభై' అని వెలిగింది. ఏడేళ్లుగా కలుపుతున్నట్టే దానికో డెబ్భై కలిపి, "నాలుగొందల పది, డైరెక్టరు గారూ" అన్నాడు వెండలిన్.