ఫోన్ దించొద్దు మేడం!

“ఫోన్ దించొద్దు మేడం!”

హన్మండ్లు అరిచిన అరుపుకు అమృత మేడం ఉలిక్కిపడింది. దించబోయిన ఫోన్‌ను మళ్లీ కళ్ల ముందుకు తెచ్చుకుంది.

“దించితె కథ మల్ల మొదటికస్తది,” అన్నాడు హన్మండ్లు చేతులు కట్టుకుని. “గీ యాప్ గట్లనే తయారైంది. ఏం జేస్తం!”

ఆ మాట మాత్రం నిజం. జగిత్యాలలో కంప్యూటర్ సెంటర్ నడిపే జితేందర్ రెండేళ్ల కిందట ఈ యాప్ చేసిచ్చాడు. ఒకప్పటి దొరల భవంతి, ఇప్పటి మ్యూజియం అయిన ఈ గడిలోని పాత సామానంతా నాలుగు దిక్కుల నుంచి ఫోటోలు తీసి అందులోకి ఎక్కించాడు. గోడ మీది నంబరుకు ఫోన్ చూపిస్తే చాలు, తెర మీద వస్తువు గిర్రున తిరుగుతూ తన కథ తనే చెప్పుకుంటుంది. మధ్యలో చెయ్యి కిందికి జారిందా, కథ మళ్లీ మొదటికే! అందుకే కోరుట్ల పక్కనున్న ఈ ఊరి మ్యూజియంలోకి ఎవరొచ్చినా బాసింగం కట్టిన పెళ్లికొడుకులా తల తిప్పకుండా నడుస్తారు.

ఇవాళ వచ్చింది మామూలు మనిషి కాదు. మ్యూజియాలకు మార్కులు వేసే అధికారి. మొన్ననే సిరిసిల్ల వైపు ఎక్కడో చెంబు మీద వేలితో రాస్తే దుమ్ము అంటిందట. ఆ మ్యూజియానికి తాళం వేయించి మరీ వచ్చింది. ఆమె సంతకం పెడితే పన్నెండేళ్లుగా ఇక్కడ కాపలా కాస్తున్న హన్మండ్లుది సర్కారు కొలువవుతుంది. పెట్టకపోతే గడిని ఫంక్షన్ హాలు చేసేస్తానని వారసుడు అనంత్ రావు ముందే తేల్చి చెప్పాడు. యాభై ఆరేళ్ల వయసులో ఇంకో పని ఎవరిస్తారు? 

మేడం మొదటి నంబరుకు ఫోన్ చూపించింది.

“నేను గంగాళాన్ని,” అంది ఫోన్. “నా కడుపుల ఐదు వందల మందికి పప్పుడికింది. మస్తు పెండ్లిల్లు జేసిన. నాకే కాలే!”

మేడం కిసుక్కున నవ్వింది. పక్కనే తన ఫోన్ ఎత్తి పట్టుకున్న అనంత్ రావు కూడా నవ్వాడు. ఆయన ముత్తాత నాటి గంగాళం మరి. మోకాళ్ల నొప్పులతో ఆయన ఇక్కడికి రాక రెండేళ్లయింది. జగిత్యాల ఇంట్లో కూర్చుని చాయ్ తాగుతూ ఫోన్‌లోని ఫోటోల్లోనే రోజూ మ్యూజియం చూసుకుంటాడు.

“ఎంత మెరుస్తోందో! దుమ్మన్నదే లేదు,” అంది మేడం.

“దుమ్ము వాలనియ్య మేడం.”

“ఎంత బరువుంటుంది? ఒకసారి పట్టి చూడనా?”

హన్మండ్లు ఒక్క అడుగు ముందుకేశాడు. రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

“ముట్టుకోవద్దని రూలున్నది మేడం! మీ ఆఫీసోల్లే పంపిన్రు.”

“శభాష్! నిన్ను పరీక్షించడానికే అడిగాను.”

అనంత్ రావు ఉప్పొంగిపోయాడు. “మా హన్మండ్లు సంగతి మీకు తెల్వది మేడం. నన్ను గూడ ముట్టనియ్యడు!”

నాలుగో నంబరు దగ్గర పల్లకి నోరు విప్పింది. “నాల ఎక్కినోల్ల పేర్లు అందరికి ఎర్కే. మోసినోల్ల పేర్లు ఎవ్వలు రాయలే.”

అనంత్ రావు గట్టిగా దగ్గాడు. “గీ మాటలు ఎవలు రాసిన్రురా?”

“నాకేం ఎర్క దొరా. యాపే మాట్లాడుతది.”

మేడానికి ఆ మాటలే తెగ నచ్చాయి. జంఖానా తివాచీల దగ్గర ముచ్చటపడింది. కంచు గంట మోగితే చెవులు రిక్కించింది. అంతా బాగానే నడుస్తోంది అనుకుంటుండగానే తొమ్మిదో నంబరు దగ్గర ఆమె ఫోన్ కుయ్యిమంది. బ్యాటరీ రెండు శాతం.

“పర్లేదు, మిగతావి మామూలుగా చూసేస్తాను,” అంటూ చెయ్యి దించబోయింది.

“అయ్యయ్యో, గదెట్లైతది!”

హన్మండ్లు ఒక్క గెంతులో ఆమె ముందుకొచ్చాడు. జేబులోంచి తన ఫోన్ తీసి ఆమె కళ్లకు జానెడు దూరంలో పట్టుకున్నాడు. అలాగే వెనక్కి వెనక్కి నడిచాడు. ఆమె ముందుకు ముందుకు నడిచింది. పదో నంబరు, పదకొండో నంబరు, పన్నెండో నంబరు.

“కడప ఉన్నది మేడం, పైలం!”

ఆ ఊపులో మేడం గడప కూడా దాటేసింది. ఆమె వెనకే అనంత్ రావూ దాటాడు. హన్మండ్లు చటుక్కున తలుపు లాగి తాళం వేశాడు. ఒళ్లంతా చెమటతో తడిసి ముద్దయింది.

మేడం కారు మీదే కాగితాలు పెట్టి సంతకం చేసింది. నూటికి తొంభై తొమ్మిది!

“ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గింది మేడం?” అనంత్ రావుకు ఆశ చావలేదు.

“తాళం మరీ చిన్నగా ఉందండీ. దొంగల భయం లేదా?”

“మా ఊల్లె దొంగలెక్కడోల్లు మేడం,” అన్నాడు హన్మండ్లు. “అందరు మనోల్లే.”

కార్లు రెండూ వెళ్లిపోయాయి. హన్మండ్లు మెట్టు మీద కూలబడ్డాడు. సర్కారు కొలువు! సంతోషంతో కళ్లు చెమ్మగిల్లాయి. వెంటనే ఇంటికి పోయి చెప్పాలనిపించింది.

అంతలో పక్క వాడకట్టు పుష్ప చెవికి ఫోన్ పెట్టుకుని మాట్లాడుతూ వచ్చింది.

“కాకా, ఎల్లుండి మా బిడ్డ పెండ్లి. లోపటి ఇత్తడి సామాను ఒక్క పూటకియ్యవా? తెల్లారే తెచ్చిస్త.”

హన్మండ్లు లేచి, తాళం తీసి, రెండు తలుపులూ బార్లా తెరిచాడు.

“ఫోన్ పక్కకు వెట్టి నీ కండ్లతోని సూడు బిడ్డా, పెండ్లికని బోనాలకని ఊరంత ‘తెల్లారే తెచ్చిస్త’మని ఒక్కొక్కటి తీస్కపోయినంక, ఇగ నీకియ్యనీకి లోపట గోడలు దప్ప ఏమున్నయ్?”