గుర్తులేని జ్వరం

"తెల్లగా ఉండాల్సిన వరసలో ఈ చుక్కలేంటి?" అన్నాడు ప్రొఫెసర్, ప్లేటును దీపం కిందకు జరుపుతూ.

ఆ ప్లేటు తయారుచేసిన పరిశోధక విద్యార్థిని పక్కకొచ్చి వంగి చూసింది. ఇసుక ఈగ కుట్టి వచ్చే జ్వరానికి టీకా కనిపెట్టాలని ఆ ల్యాబ్ తంటాలు పడుతోంది. జ్వరం తెచ్చే పరాన్నజీవిలోని చిన్న ప్రొటీన్ ముక్కల్ని, అంటే పెప్టైడ్లని, మనుషుల రక్తకణాలకు చూపించడం ఆమె పని. జ్వరం ఒకసారి వచ్చి తగ్గినవాళ్ళ కణాలు శత్రువును గుర్తుపడితే నీలం చుక్కలు పడతాయి. జ్వరం ఎరగని మనిషి వరసలో ఏమీ పడకూడదు.

"శాంపిల్స్ తారుమారు చేసుంటావు."

"లేదు సార్. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే."

"ఎవరిదా రక్తం?"

"నాదే."

ఆయన కళ్ళజోడు తీశాడు. "నీకెప్పుడైనా ఆ జ్వరం వచ్చిందా?"

"లేదు సార్. ఆ ఈగలుండే ఊళ్ళ మొహం కూడా చూడలేదు."

"అయితే ఈ ముక్క దండగ. ఎవరి కణాలు తగిలినా చుక్కలు పెట్టేదాన్ని నమ్మి టీకా ఎలా చేస్తాం? సాయంత్రం మీటింగులో తీసేస్తున్నానని చెప్పేస్తాను." తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "ఎందుకైనా మంచిది, ఇంట్లో ఓసారి అడుగు. పసితనంలో వచ్చుంటే మాత్రం, నీ కణాలు ఇన్నేళ్ళయినా మర్చిపోలేదన్నమాట. ఇంతకంటే మంచి ముక్క మనకు దొరకదు."

ఆమె వరండాలో అటూ ఇటూ తిరుగుతూ తల్లికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. గోరు కొరుక్కుంటూ మళ్ళీ చేసింది.

"అమ్మా, చిన్నప్పుడు నాకు వారాల తరబడి తగ్గని జ్వరం వచ్చిందా? పొట్ట ఉబ్బిపోయి?"

"పనిలో ఉండగా ఇదేం ప్రశ్నే? తిన్నావా?"

"ముందు చెప్పు."

"రాలేదు. తుమ్మితేనే మీ నాన్న నిన్ను భుజం మీంచి దించేవారు కాదు. అంత జ్వరం వస్తే మర్చిపోతామా?"

ఆమె గోడకు జారగిలబడింది. "సరేలే. రెండేళ్ళ పని మట్టిలో కలిసింది."

"నీకు జ్వరం రాకపోతే పని పాడవడమేంటే?"

ఇసుక ఈగల గురించి, ఆ ఈగలుండే ఊళ్ళ గురించి, చుక్కల గురించి గుక్కతిప్పుకోకుండా చెప్పింది. "వచ్చుంటే ఎంతమంది పిల్లలు బతికేవాళ్ళో అమ్మా. రాలేదు కాబట్టి చెత్తబుట్టలోకి."

అవతల స్టవ్ ఆపిన చప్పుడు. తర్వాత కుర్చీ జరిపిన చప్పుడు.

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నాను. మీ సార్‌ని దాన్ని తీసెయ్యొద్దని చెప్పు."

"ఏమని చెప్పను? రాలేదని నువ్వేగా అన్నావు."

"మా ఇంటికొచ్చాక రాలేదే తల్లీ," అంది తల్లి. "ఆ ఊళ్ళ నుంచి నిన్ను తెచ్చుకునేటప్పటికే నీకు మూడేళ్ళు."