తోక బండి

"గాలి దించండయ్యా! టైర్లో సగం గాలి పోవాల. బిర్రుగా ఉండే టైరు ఇసకలోనూ పనికిరాదు, కొండమీదా పనికిరాదు!"

మైపాడు సముద్రం ఒడ్డున, సరుగుడు తోపు దాటగానే మాథ్యూ సారు కేకలు మొదలయ్యాయి. మిలిటరీలో ఇరవై రెండేళ్లు మంచుకొండల్లో లారీలు తోలిన మనిషి. ఆయన అరిస్తే ఒడ్డున పీతలు కూడా బొరియల్లో దూరాల్సిందే.

ఆ మంచుకొండల్లోనే ఒక కనుమ ఉంది. పేరుకే దారి. ఒకపక్క బండరాయి, రెండోపక్క లోయ. ఇక్కడ సాధన చేసి సోమవారం ఈ జట్టు అక్కడికి బయల్దేరాలి. ఆ దారి ఎరిగినవాడు ఈ చుట్టుపక్కల మాథ్యూ ఒక్కడే. "నేను సరే అంటేనే ప్రయాణం. లేదంటే మీ బండ్లు రొయ్యల గుంటల కట్టమీద తిప్పుకోండి" అని మొదటిరోజే తేల్చేశాడు.

వరస కూడా ఆయన పెట్టిందే. ముందు బండి నరేంద్రబాబుది. నెల్లూరులో టైర్ల షాపు ఉంది. అతను తోలుతుంటే పక్కసీట్లో మాథ్యూ. రెండో బండి కామాక్షయ్యది. ఇందుకూరుపేటలో రొయ్యల గుంటలున్నాయి. చివర తోక బండికి అతని తమ్ముడు చిన్నపోలయ్య.

వాలులో బ్రేకు తొక్కొద్దు, గేరుమీదే దిగండి అని ఎవరైనా చెప్తారు. మాథ్యూ ప్రాణం పెట్టేది మాత్రం తోక పిలుపు మీద. మలుపు దాటిన ప్రతిసారీ ముందు బండి ఆగాలి. వాకీటాకీలో "తోకా?" అని అడగాలి. "తోక దాటింది" అని వెనకనుంచి వినపడాలి. అప్పటిదాకా చక్రం కదలకూడదు.

"అద్దంలో చూసుకుంటే చాలదా సార్?" అని నరేంద్రబాబు మొదట్లో అడిగాడు.

"మంచు కమ్మితే అద్దంలో నీ మొహం కూడా కనపడదు. తోకని చెవితో చూడాల."

ఆయనకి ఇంత పట్టుదల ఎందుకో అందరికీ తెలుసు. నాలుగేళ్ల కింద అదే కనుమలో, ఇలాంటి జట్టునే నడిపిస్తూ, జవాబు రాకముందే ఆయన కదిలాడు. మంచు ముంచుకొస్తోందని ఒక్క మలుపు దగ్గర తొందరపడ్డాడు. కిందికి దిగి చూస్తే ఒక బండి లేదు. అప్పట్నించి ఆయనకి ఆదివారం చర్చి లేదు, కంటినిండా కునుకు లేదు. భార్య సామ్రాజ్యం ప్రార్థన పెట్టిద్దామంటే, "దేవుడు క్షమిస్తే క్షమిస్తాడు, నన్ను నేను క్షమించుకోవద్దా?" అన్నాడు.

"తోకా?"

వాకీటాకీ సెట్టు గరగరలాడింది. "తోక దాటింది సారూ. ఈడే ఉండాను, నేనేడకి పోతాను?"

"హాస్యాలొద్దు పోలయ్యా! అడగ్గానే పలకాల!" అని కసిరాడే గానీ, ఆ గొంతు వింటే మాథ్యూకి ప్రాణం లేచొస్తుంది.

టీకి ఆగినప్పుడు తోక బండి మనిషి దిగకూడదు. అదీ సారు పెట్టిన నియమమే. పోలయ్య గ్లాసు రోజూ అన్నే పట్టుకుపోతాడు. ఇవాళ కామాక్షయ్య గ్లాసు చేతిలో పెట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

"సార్, మీకు పుణ్యముంటాది. ఈ తోక పిలుపు ఇంక ఆపేద్దాం. నావల్ల కావడంలా."

మాథ్యూ కళ్లు ఎర్రబడ్డాయి. "నీ తమ్ముడయ్యా వాడు! నీకే పట్టకపోతే ఎట్టా? పిలుపు లేకపోతే సోమవారమూ లేదు, కనుమా లేదు."

కామాక్షయ్య తలొంచుకున్నాడు. ఆ కనుమని ఒక్కసారైనా కళ్లజూడాలని అతను పడే ఆరాటం అంతా ఇంతా కాదు. వెళ్లి బండెక్కాడు.

ఇక చివరి పరీక్ష. కాలవ సముద్రంలో కలిసేచోట, పోటు రాకముందే అవతలి ఒడ్డుకి దాటాలి. మధ్యలో సన్నటి ఇసకదిబ్బ. ఒకదాని వెనక ఒకటి తప్ప పక్కకి తప్పుకునే చోటులేదు. దిబ్బమీద ముందు బండి ఆగింది.

"తోకా?"

జవాబు లేదు.

"తోకా? పోలయ్యా!"

సముద్రం హోరు తప్ప ఏమీ వినపడలేదు. ఇసక మెల్లగా టైర్లని మింగడం మొదలుపెట్టింది.

"సార్, పోటు వచ్చేస్తోంది. పోదాం పదండి" అన్నాడు నరేంద్రబాబు.

"తోక పలకలా."

"మనం కదలకపోతే వెనక కామాక్షయ్య కూడా మునుగుతాడు సార్! వెనక..." అని ఏదో అనబోయి మింగేశాడు. గేరుమీద చెయ్యేశాడు. మాథ్యూ చటుక్కున తాళంచెవి లాగేసి పిడికిట్లో బిగించాడు.

"ఈసారి చస్తే చస్తా. వాణ్ణి వదిలిపెట్టి మాత్రం పోను."

"నాకిద్దరు ఆడపిల్లలు సార్!"

నీళ్లు తలుపు సందులోంచి లోపలికి వచ్చాయి. మాథ్యూ సెట్టుని రెండు చేతులా పట్టుకుని ఏడ్చేశాడు. "పోలయ్యా, పలకరా నాయనా! నీకు దండం పెడతా. ఒక్కసారి పలకరా!"

సెట్టు గరగరలాడింది.

"తోక దాటింది సారూ."

వెంటనే ఎప్పుడూ అనని మాట అంది ఆ గొంతు. "నాకోసం ఇంక ఆగొద్దు. మీరు పొండి."

మాథ్యూ తాళంచెవి మళ్లీ పెట్టి తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. బండి నీళ్లు చిమ్ముకుంటూ ఒడ్డెక్కింది. మాథ్యూ దిగి పొడి ఇసకలో మోకాళ్లమీద పడి, నాలుగేళ్ల తర్వాత మొదటిసారి "ప్రభువా, స్తోత్రం" అన్నాడు.

వెనకే ఒడ్డెక్కి ఆగిన రెండో బండిలో, దాని వెనక ఏనాడూ మరో బండి లేని ఆ ఇసకమీద, కామాక్షయ్య సెట్టుని నోటిదగ్గర్నించి దించి, నాలుగేళ్ల కింద కనుమలో పోయిన తమ్ముడి గొంతుతో ఇవాళ కూడా పలికినందుకు టపటపా చెంపలేసుకున్నాడు.