ఏడో నంబరు గొంతు

భోజనం కాగానే అడుకె మళ్ళీ తలుపు వేసుకుంది. రెండు నిమిషాల్లో లోపల్నించి మగగొంతు మొదలైంది.

వరండాలో కూర్చున్న అయంతొలా చేతిలో డోలుకర్ర ఆగిపోయింది.

లోతైన గొంతు. పామాయిల్ రాసినంత నున్నగా ఉంది. ఒక మాట మూడుసార్లు పలికింది. తర్వాత ఇంకో మాట. మధ్యలో వాడేదో చమత్కారం ఆడినట్టున్నాడు, అడుకె పకపకా నవ్వింది.

పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు. ఆమె తనతో అలా నవ్వి ఎన్నాళ్ళయింది?

అడుకె ఇబాదాన్ విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతుంది. యొరుబా భాషలో ఒకే మాటని గొంతు దించి అంటే ఒక అర్థం, ఎత్తి అంటే ఇంకో అర్థం. ఆ ఎత్తుపల్లాల మీదే ఆమె పుస్తకం రాస్తోంది. అందుకోసం పన్నెండుమంది చేత మాట్లాడించి క్యాసెట్లు నింపింది. పుస్తకంలో పేర్లు వేయకూడదట, నంబర్లే. పదకొండుమందితో అయంతొలాకి పేచీ లేదు. ఏడో నంబరుతోనే.

కాగితాల కట్టతో ఇబిదున్ బయటికొచ్చింది. అడుకె దగ్గర శిష్యురాలిగా చేరి వారమే అయింది.

"ఆ ఏడో నంబరాయన ఎవరో గానీ బాబా, ఏం గొంతండీ! మేడమ్ విన్నదే వింటారు. అదేంటని అడిగితే 'ఇంకా కొలవాలి' అంటారు. కొలిచేదీ లేదు, పాడూ లేదు, కళ్ళు మూసుకుని కూర్చుంటారు!"

అయంతొలా డోలు మీద దభీమని ఒక్కటిచ్చాడు.

"అయ్యో, సరదాకన్నానండీ!" ఆ పిల్ల నాలిక్కరుచుకుంది. "ఆ క్యాసెట్‌కి కాపీ కూడా లేదు. సోమవారం తీయించాలి, గుర్తుచేయమన్నారు. వస్తాను బాబా." గబగబా మెట్లు దిగిపోయింది.

సోమవారం. ఇవాళ శనివారం.

అయంతొలా డోలుని చంకలో ఇరికించాడు. తాళ్ళు నొక్కితే దాని స్వరం పైకెక్కుతుంది, వదిలితే దిగుతుంది. మూడు దెబ్బలు. కింద, కింద, పైన. అ-డు-కె.

తలుపు తెరుచుకోలేదు. గేటు బయట బాణలి ముందు కూర్చున్న అబెకె తలెత్తింది. అలసంద పిండితో అకరా వేసి అమ్ముతుంది.

"నన్నేనా అన్నా? వేడిగా ఉన్నాయి, నాలుగివ్వనా?"

అయంతొలా తల అడ్డంగా ఊపాడు.

"మరి సరిగ్గా పిలువు! మీ ఆవిడ పేరూ కింద-కింద-పైనే, నా పేరూ కింద-కింద-పైనే. ఎదురింటి అశాకె కూడా అంతే. నీ డోలు ఒక్కసారి పిలిస్తే ముగ్గురాడాళ్ళం 'ఓయ్' అంటున్నాం. రాజుగారికైనా ఉందా ఈ భోగం?"

అకరా కోసం నిలబడ్డవాళ్ళంతా గొల్లుమన్నారు.

సరిగ్గా అప్పుడే లోపల వాడన్నాడు: "అడుకె!"

కన్నవాళ్ళూ, కట్టుకున్నవాడూ మురిపెంగా పిలుచుకునే పేరు. వాడు అక్షరం అక్షరం విడదీసి పిలిచాడు. ఇంకే ఆడదీ పొరపాటున కూడా పలకదు.

అయంతొలా మెడకి చుట్టుకున్న నీలం రుమాలు బిగించి లేచాడు.

నాలుగింటికి అడుకె అకరా కొనడానికి గేటు దాకా వెళ్ళింది. డోలు వరండాలోనే వదిలేసి అతను గదిలో దూరాడు. క్యాసెట్ యంత్రంలోనే ఉంది. బయటికి లాగి, చూపుడువేలు దూర్చి టేపుని మెలిపెట్టి పట్టుకున్నాడు.

వాడెలాంటివాడో అయంతొలాకి బాగా తెలుసు. పెళ్ళిపందిట్లో వాడు నోరు తెరిస్తే వంటవాళ్ళు కుండలు మాడ్చేవాళ్ళు. అడుకెని వలలో వేసుకున్నది కూడా ఆ గొంతుతోనే, సాక్షాత్తూ వాళ్ళ నాన్న ఎదురుగానే. వాడిక ఎప్పటికీ తిరిగి రాడు. అదే అసలు బాధ. వచ్చేవాడైతే కలబడొచ్చు. రానివాడితో ఏం పోటీ పడతాం?

జానెడు టేపు బయటికొచ్చింది. మూరెడు వచ్చింది.

"తెంపేస్తారా?"

గుమ్మంలో అడుకె. చేతిలో అకరా పొట్లం.

అయంతొలా తలతిప్పలేదు.

"తెంపండి. నా పుస్తకంలో సగం ఆ గొంతు, సగం మీ డోలు. రెంటినీ పక్కపక్కన పెట్టి కొలుస్తున్నాను. ఒకటి పోతే రెండోది దేనికీ పనికిరాదు, ఎనిమిదేళ్ళ పని పెంటకుప్పలోకే." ఆమె పొట్లం బల్లమీద పెట్టింది. "నాకిద్దరూ కావాలి. సిగ్గులేనిదాన్ననుకుంటే అనుకోండి."

అయంతొలా బల్లని గుద్దాడు. మళ్ళీ గుద్దాడు. పొట్లంలోంచి ఒక అకరా దొర్లి కిందపడింది.

"ఈ బల్లకి ఎత్తూ పల్లం లేవు. మీరేం తిట్టారో నాకేం తెలుస్తుంది?"

అతని భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో ఆమెకీ తెలియలేదు. పెన్సిల్ తీసి అతని చేతిలో పెట్టింది.

అతను పెన్సిల్‌ని క్యాసెట్ చక్రంలో దూర్చి, వేలికి చుట్టుకున్న టేపుని మెల్లిగా లోపలికి తిప్పాడు. ఒక్క మడత లేకుండా.

పుస్తకంలో వేయకూడని పేర్లని అడుకె క్యాసెట్ పెట్టెల లోపలి అట్టమీద మాత్రం రాసుకుంది. అతను మూత తెరిచాడు. అట్టమీద ఆమె గుండ్రటి చేతిరాతలో ఇలా ఉంది: "ఏడో నంబరు: అయంతొలా, డోలు వాయించేవారు, ఆపరేషన్ చేసి గొంతు తీసేయడానికి ముందురోజు, భార్య రికార్డు చేసినది."