పదకొండో నంబరు ఫారం

"ఇది దొంగ సరుకు," అంది మేడమ్, పదకొండో నంబరు ఫారాన్ని బల్ల మీద పడేసి.

కార్యదర్శి ఉలిక్కిపడి టీ కప్పు కింద పెట్టాడు. "ఏంటమ్మా, అంత మాటన్నారు?"

"ఉన్న మాటే అన్నాను."

ఆరోగ్య పరిశోధకులకు రెండేళ్ల శిక్షణ, నెలనెలా భృతి, ఆ పైన సొంతంగా పరిశోధన చేసుకోవడానికి నిధులు. ఉన్నది ఒక్క సీటు, వచ్చినవి ఇరవై మూడు దరఖాస్తులు. పేరూ ఊరూ కనబడకుండా నంబర్లు వేసి కమిటీ ముందు పెడతారు. పేర్లున్న కవర్లు కార్యదర్శి బీరువాలో ఉంటాయి. అభ్యర్థి ఎవరైనా కమిటీ మనిషి దగ్గర తన దరఖాస్తు ఊసెత్తితే చాలు, ఆ ఫారం చెత్తబుట్టలోకే. ఆ నియమం పట్టుబట్టి పెట్టించింది, కమిటీలో మార్కులు వేసే ఈ మేడమే. సొంత మరిది కొడుకు భోజనాల దగ్గర నోరు జారితే, చెయ్యి కడుక్కోకుండానే కార్యదర్శికి ఫోన్ చేసిన మనిషి. మరిది ఇప్పటికీ ఆవిడ గుమ్మం తొక్కడు.

"ఇందులో ఏం రాశారో చూశావా?" అంది మేడమ్. "పాలు తాగేటప్పుడు పసిబిడ్డ ఎన్నిసార్లు ఆగుతుందో లెక్కపెడితే, జ్వరం రాకముందే జబ్బు పసిగట్టొచ్చట. ఈ ఆలోచన నా పిచ్చుకది."

పిచ్చుక అంటే ఆరేళ్ల కిందట మేడమ్ ల్యాబులో సహాయకురాలిగా చేరిన నర్సు. పిడికెడంత మనిషి, నోరు మాత్రం మూతపడేది కాదు. ప్రాజెక్టు ముగిసి జీతం ఆగిపోయాక మళ్లీ పసిపిల్లల వార్డుకే వెళ్లిపోయింది. ఆ పిల్లను నిలబెట్టుకోలేకపోయానన్న బాధ మేడమ్‌ను ఇప్పటికీ పీకుతూనే ఉంది.

"ఒకే ఆలోచన ఇద్దరికి రాకూడదా అమ్మా?"

"రావచ్చు. దాని నోట్‌బుక్‌లో ఉన్న నలభై ఇద్దరు పిల్లలే, అవే అంకెలు కూడా వస్తాయా?"

"పోనీ, ఆ అమ్మాయే పెట్టిందేమో."

మేడమ్ నవ్వింది. "అది రాస్తే వాక్యానికి తల ఉంటే తోక ఉండదు. ఇది చూడు, ఎంత నున్నగా ఉందో! అయినా కూర మాడినా ఫోన్ చేసి చెప్పే పిల్ల, ఇంత పని చేసి నాకు చెప్పకుండా ఉంటుందా? ఇది జలగ పని."

జలగ కూడా ఆ ల్యాబులోనే ఉండేవాడు. ఎవరు ఏం రాసుకుంటున్నా భుజం మీదుగా తొంగిచూసేవాడు. ఆ పేరు పెట్టింది పిచ్చుకే.

అనుమానం ఒకసారి తలకెక్కితే మేడమ్‌కు నిలకడ ఉండదు. వరండాలోకి వెళ్లి ఫోన్ చేసింది. అవతల పసిపిల్లల ఏడుపులు, ఎవరో ట్రాలీ లాగుతున్న చప్పుడు.

"ఏమే, రెండు నెలలుగా అయిపూ అజా లేవు?"

"డ్యూటీలు మేడమ్. ఊపిరాడట్లేదు."

"ముందు ఒక్క మాట చెప్పు. ఈ ఏడాది మా శిక్షణకు నువ్వేమైనా దరఖాస్తు పెట్టావా? పెట్టి ఉంటే ఇప్పుడే ఫోన్ పెట్టేసి, రూలు ప్రకారం చెయ్యాల్సింది చేస్తాను."

అవతల ఎవరో సిస్టర్‌ని పిలిచారు. "వస్తున్నా," అని కేకేసి, పిచ్చుక మళ్లీ ఫోన్‌లోకి వచ్చింది. "లేదు మేడమ్."

"మరి నీ పాల లెక్కల నోట్‌బుక్ ఎవరికైనా ఇచ్చావా?"

"అప్పట్లో జలగ సార్ అడిగితే ఇచ్చాను. రెండ్రోజుల్లో తిరిగిచ్చేశారు. ఎందుకు మేడమ్?"

"ఏం లేదులే. నీ సొత్తు ఎక్కడికీ పోనివ్వను. నేనున్నాను."

మేడమ్ లోపలికి వచ్చేసరికి ముఖం ఎర్రబడి ఉంది. ఒక నర్సు రాత్రింబవళ్లు పిల్లల పక్కన కూర్చుని లెక్కపెట్టిన అంకెలు, వాడు రెండ్రోజుల్లో ఎత్తుకుపోయాడు! కుర్చీ లాక్కుని కలం మూత తీసింది.

"అమ్మా, ఒక్కసారి ఆలోచించండి," అన్నాడు కార్యదర్శి. "తక్కువ మార్కులేసి వదిలేయొచ్చు కదా? దొంగతనం అని రాశారంటే ఆ మనిషి ఇక జన్మలో ఎక్కడా దరఖాస్తు పెట్టలేడు. మీ సంతకం పడ్డాక కమిటీ కూడా మార్చలేదు."

"అందుకే రాస్తున్నాను."

మార్కుల గడిలో సున్నా చుట్టింది. కింద 'ఇతరుల పరిశోధన దొంగిలించినది' అని రాసి, కాగితం చిరిగేంత గట్టిగా సంతకం చేసింది. ఇన్నాళ్లుగా పిచ్చుకకు పడ్డ బాకీ ఇవాళ తీరిందనిపించి, ఆవిడ ప్రాణం తేలికపడింది.

"ఇప్పుడు ఆ కవరు తియ్యి. వాడి ముఖం చూడాలి."

మార్కులు పడిన ఫారం కవరు తెరవడానికి అడ్డేమీ లేదు. కార్యదర్శి బీరువా తెరిచి, పదకొండో కవరు వెతికి, సీలు చింపి మేడమ్ చేతికిచ్చాడు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని లోపలి కాగితం బయటికి లాగింది.

ఫొటోలో ఉన్నది పిచ్చుక.