పేరు లేని ఆవకాయ

ఊరగాయలకు మనుషుల పేర్లు అద్దెకిచ్చుకునే రోజులవి. చదివితే కళ్ళు అరిగిపోతాయన్నట్టు, పేర్రాజు ఒప్పందం చూడకుండానే వేలిముద్ర వేసి, పెళ్ళాం బుల్లెమ్మ పేరును ఓ కంపెనీకి ఇచ్చేశాడు.

బుల్లెమ్మ కొత్తావకాయ కలిపిన బేసిన్‌లో వేడన్నం కలిపి వీధివాళ్ళకు ముద్దలు పెడుతుంటే, రుచులు కొలవడానికి కంపెనీ వారు తిప్పే మర చిలక కిటికీలోంచి వచ్చి ముక్కు ముంచింది.

"మా కొలతకు సరిపోలేదు. దీన్ని బుల్లెమ్మ ఆవకాయ అనకూడదు" అంది.

"చూశారా మీ నిర్వాకం! పేరు నాదీ, నాలుక వాళ్ళదీనా?" అని బుల్లెమ్మ మొగుణ్ణి నిలదీసింది.

"ఒప్పందంలో అలాగే ఉందటే" అన్నాడు పేర్రాజు, ముద్ద మింగుతూ.

"అయితే ఇది పేరు లేని ఆవకాయ. తినండర్రా!"

ఆ రుచికి పొరుగూళ్ళు కూడా బారులు తీరాయి. వారం తిరక్కుండా కంపెనీ పెద్దమనిషి చిలకను భుజాన వేసుకుని, ఇకిలిస్తూ దిగాడు.

"అమ్మగారూ, ఆ 'పేరు లేని ఆవకాయ' అన్న పేరు కూడా మాకే ఇప్పించండి."

పేర్రాజు అప్పుడే ముద్ర వేయడానికి బొటనవేలు చాపాడు. సిగ్గులేని వేలు! బుల్లెమ్మ దాన్ని ఒడిసిపట్టి ఆవకారంలో ముంచింది.

చిలక ఆ వేలిని రుచి చూసింది.

"మా కొలతకు సరిపోలేదు. ఇది పేర్రాజు వేలు కాదు."