పెడసరం

"పెడసరం అంటే ఏంటి బావా?"

లిఫ్టు గుంత అంచున కూర్చుని బావమరిది అడిగాడు. మెకానిక్ చేతిలో స్పానర్ ఆగింది. తాను ఇంజనీరు చెవిలో వేసిన మాట వీడి దాకా ఎలా వచ్చింది?

"తెలియక అడుగుతున్నావా?"

"ఆ ఒక్క మాటతో నా ఉద్యోగం పర్మనెంటు కాకుండా పోయింది. దాని అర్థమైనా తెలియాలి కదా."

"పిలిస్తే పలకవు. పలికినా పుల్లవిరుపు మాటలు. దాన్నే పెడసరం అంటారు. ఇంట్లో అయితే మీ అక్క సర్దుకుపోతుంది. ఈ పనిలో పిలిచినప్పుడు పలకకపోతే మనిషి పోతాడు రా. ఉన్నదే చెప్పాను."

"మంచిది బావా. ఇప్పుడు అర్థమైంది."

బావమరిది లేచి, గోడకున్న పెట్టెలోంచి ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. గుంతలోకి ఎవరు దిగితే ఫ్యూజు వాళ్ల జేబులో ఉండాలి. అది లేనిదే లిఫ్టు కదలదు. ఎంత మాటామాటా అనుకున్నా ఆ కట్టుబాటు ఇద్దరిలో ఎవరూ ఏనాడూ తప్పలేదు. టార్చి పట్టుకుని నిచ్చెన మీదుగా దిగాడు.

మెకానిక్ బయట బండిలో ఉన్న గ్రీజు డబ్బా తెచ్చాడు.

"ఒరేయ్, అందుకో."

జవాబు లేదు.

"అలిగితే బతిమాలడానికి నువ్వేమైనా కొత్తల్లుడివా? అందుకోరా!"

గుంతలోంచి టార్చి వెలుగు గోడ మీద పడుతోంది. ఆ వెలుగు కదలడం లేదు. మళ్లీ పిలిచాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు. జారి పడ్డాడా? తలకేమైనా తగిలిందా? ఇంటికెళ్లి భార్యకు ఏ మొహంతో చెప్పాలి?

తలెత్తి చూశాడు. లిఫ్టు పై అంతస్తులో ఆగి ఉంది. ఫ్యూజు వాడి జేబులోనే ఉంది కాబట్టి ఆ భయం లేదు. డబ్బా అక్కడే వదిలేసి గబగబా నిచ్చెన దిగాడు.

గుంతలో ఎవరూ లేరు. నేల మీద టార్చి వెలుగుతోంది, అంతే.

పైన పెట్టె మూత తెరుచుకున్న చప్పుడైంది. మెకానిక్ నిచ్చెన కోసం చెయ్యి చాచాడు. నిచ్చెన అప్పటికే పైకి పోతోంది.

"ఒరేయ్! నేను లోపలున్నానురా! బామ్మర్దీ, పలకరా!"

బావమరిది పలకలేదు. మోటారు పలికింది.